పెరటి మొక్కకు పురుగు పట్టినప్పుడు

 



పట్టణాలలో స్థలం కరువై, మిద్దె మీది కుండీలలో కూరగాయలు పెంచుకొనే అలవాటు మన ఇళ్లలోనూ పెరిగింది. నెలన్నర పాటు నీళ్లు పోసి పెంచిన బెండకు ఈనెలు పసుపెక్కి కాయలు తెల్లబారితే, వంగ కొమ్మలు తలలు వాల్చితే మనసు కలత చెందడం సహజం. ఆ కలతలో కొందరు నజర్ తగిలిందని పాత చెప్పు వేలాడదీస్తారు. నజర్ సత్యమని హదీసు చెబుతున్నది; దానికి విరుగుడు దుఆయే గాని చెప్పు కాదు. అయినా బెండకు పట్టింది నజర్ కాదు, తెల్లదోమ మోసుకొచ్చిన వైరస్. దానికి మందు లేదు. ఆ మొక్కను వేరుతో పెరికి దూరంగా పారవేస్తేనే మిగిలినవి దక్కుతాయి.

‘అలా చేసి ఉంటే’ అనే మాట షైతాను పనికి తలుపు తెరుస్తుందని దైవప్రవక్త (స) హెచ్చరించినట్లు సహీహ్ ముస్లింలో ఉన్నది. మేలైన దాని కోసం పాటుపడమనీ, అల్లాహ్ సహాయం కోరమనీ, నిస్సహాయులై కూర్చోవద్దనీ ఆదేశం అదే హదీసులో ముందుగా ఉన్నది. మనవారిలో చాలామంది ఆ ముందరి భాగాన్ని వదలి, వెనుకటి దానికే సబ్ర్ అని పేరు పెట్టుకున్నారు. 50 గ్రాముల వేపగింజల పొడిని మూటగట్టి లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టి, పిండి వడకట్టి, కొద్దిగా సబ్బునీరు కలిపి సాయంత్రం ఆకుల అడుగుభాగం తడిసేలా చల్లడమూ సబ్ర్‌లోని భాగమే. వంగలో వాలిన కొమ్మను లోపలి పురుగుతో సహా తుంచివేయండి. పేనుబంకను తినే అక్షింతల పురుగు కనిపిస్తే చంపకండి. అది కూలి అడగని పనివాడు.

ఇక విషపు మందుల మాట. పొలానికి వాడే ఘాటైన మందును కొందరు ఖాళీ కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఇంట్లో ఉంచుతున్నారు. పిల్లవాడి కంటికి అది షర్బత్! మిద్దెపై చల్లిన మందు గాలికి కొట్టుకుపోయి పొరుగువారి నీళ్లట్యాంకులో పడితే? హాని చేయరాదు, హానికి బదులుగానూ హాని చేయరాదు అన్నది షరీఅత్ మూలసూత్రాలలో ఒకటి. 20 రూపాయల వంకాయల కోసం పొరుగువాని హక్కును కాలరాయడాన్ని ఏ ఫత్వాతో సమర్థించుకుంటాం? తెగుళ్లు తెచ్చే పురుగును చంపవచ్చు, నిప్పుతో కాల్చరాదు. చీమ కుట్టిందని పుట్టనే తగలబెట్టించిన ఒక పూర్వ ప్రవక్తను అల్లాహ్ మందలించిన వృత్తాంతం బుఖారీ, ముస్లింలలో ఉన్నది.

పిట్టలూ కోతులూ తిన్నదాని సంగతి వేరు. విశ్వాసి నాటిన దాని నుండి మనిషిగాని, పక్షిగాని, పశువుగాని తింటే అది అతనికి సదఖా అవుతుందన్న శుభవార్త మనకున్నది. వల కట్టడం తప్పు కాదు. ఒంటెను కట్టివేసి తవక్కుల్ చేయమన్న బోధ ఇక్కడా వర్తిస్తుంది. వల దాటి పిట్ట కొరికిన టమాటా మాత్రం మీ ఖాతాలోనే చేరింది.

బెండ పెరికిన కుండీని ఖాళీగా ఉంచకండి. ప్రళయం ముంచుకొస్తున్నా చేతిలోని మొక్కను నాటమన్న ప్రవక్త (స) ఉమ్మత్ మనది. మట్టిలో ఎరువు కలిపి ఈ వారమే మెంతులు చల్లండి. 3, 4 వారాలలో ఆకు కోతకు వస్తుంది. మొదటి కట్టను పొరుగింటికి పంపండి.