మంజీర లోయ కాలిబాటలు



బాలాఘాటు కొండలలో పుట్టి ఆగ్నేయముగా పారి, సంగారెడ్డి ప్రాంతమున ఉత్తరమునకు మరలి, కందకుర్తి వద్ద గోదావరిలో కలియు మంజీరను మీరెరుగుదురు. 1923లో మొదలిడి 1931లో ముగించిన నిజాంసాగరు కట్టవలన ఆ లోయలోని ఊళ్లును, వాని బాటలును నీట మునిగెను. అది పదుగురి పంటకైన నష్టము. మిగిలిన బాటలను నేడు ట్రాక్టరు మ్రింగుచున్నది. ఇది ఎవరి మేలునకు?

మన దోమకొండ పొలములందును ఇదే తంతు. గ్రామనక్షాలో కాలిబాట, మన వాడుకలో తొవ్వ, చుక్కలగీతగా నుండును. ఏటేట ఒక్కొక్క చాలు లోనికి జరిగినచో గెట్టు కరగి తొవ్వ పొలమున కలియును. కూలివారును, పశువుల కాపరులును చుట్టు తిరుగవలసివచ్చును. భూమికి పట్టాదారుడున్నాడు, తొవ్వకెవడు? కావ్యములలోని నదీవర్ణనలకు తలయూచు మనమే ఏటిదారిని దున్నుట వింత!

ఈ గ్రంథాలయపు గోడపై నక్షా ప్రతి నొకదానిని వ్రేలాడదీయుడని నా మనవి. పేచీ వచ్చిననాడు అందరము చూచుకొందము.