మీ లాప్‌టాప్ స్క్రీన్ అద్దం కాదు

లైబ్రరీ వారు నన్ను పిలిచి, లాప్‌టాప్ స్క్రీన్ ఎలా తుడుచుకోవాలో పది నిమిషాల్లో చెప్పమన్నారు. పద్ధతి చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. మీరు ఇప్పటిదాకా విన్న తప్పుడు సలహాలు వదిలించడానికి మాత్రం పది నిమిషాలు సరిపోవు.

నా మాట ఒక్కటే. మురికి పట్టడం వల్ల పాడైపోయిన స్క్రీన్‌ని నేను ఇంతవరకు చూడలేదు. మా రిపేరు షాపులో నా బల్ల మీదికి వచ్చేవి శుభ్రం చేయబోయి పాడుచేసినవి, లేదా మూత వేసేటప్పుడు నలిపేసినవి.

ముందు వరసలో కూర్చున్న అమ్మా, ఇది ఒకసారి చేత్తో పట్టుకోండి. పాడైన ప్యానెల్ మీంచి నేను ఒలిచిన పొర ఇది. పోలరైజర్ అంటారు. వంచండి, ఫరవాలేదు. వంగుతోందా? అద్దం అలా వంగుతుందా? టచ్ లేని మామూలు మ్యాట్ లాప్‌టాప్‌లో మీ వేలికి తగిలేది ఇదే. ప్లాస్టిక్. దీపం వెలుగు తళుక్కుమని కళ్లలో కొట్టకుండా దాని మీద సన్నటి గరుకు పూత. గాజు పలకలు ఈ పొర కింద ఉంటాయి, వాటి మధ్య కొద్ది మైక్రాన్ల మందాన ద్రవస్ఫటికం. టచ్ స్క్రీన్లకూ మ్యాక్‌బుక్‌లకూ పైన గాజే ఉంటుంది కదా అంటారు. ఉంటుంది, కానీ ఆ గాజుకూ పూత ఉంటుంది. కొన్ని మ్యాక్‌బుక్ ప్రోల మీద ఆ పూత మచ్చలు మచ్చలుగా లేచిపోయి, 2015లో యాపిల్ కంపెనీ ఉచితంగా స్క్రీన్లు మార్చి ఇచ్చింది. కాబట్టి గాజు ఉంది కదా అని ధీమా వద్దు.

ఈ పోలరైజర్ పొర ఒలిచేసిన స్క్రీన్ ఆన్ చేస్తే తెల్లటి వెలుగు తప్ప ఏమీ కనపడదు. ఇదే పొరను కళ్లకు అడ్డం పెట్టుకుని చూస్తే బొమ్మంతా అక్కడే ఉంటుంది. స్కూలు పిల్లలెవరైనా ఉంటే సభ అయ్యాక రండి, చూపిస్తాను. ఆ బొమ్మను మనకు చూపించే పొర మీదే మనం కిటికీ అద్దాలు తుడిచే నీలం నీళ్లు కొడుతున్నాం! వాటిలో కొన్నింట్లో అమ్మోనియా ఉంటుంది. పూతకు అది పడదు. శానిటైజర్ వాడతాం అంటారు కొందరు, కరోనా రోజుల్లో పట్టుకున్న అలవాటు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన శానిటైజర్ సూత్రంలో 1.45 శాతం గ్లిజరిన్ ఉంది. చేతులు ఎండిపోకుండా వేసింది అది. స్క్రీన్ మీద జిడ్డుగా మిగిలేదీ అదే. ఆ జిడ్డు పోవాలని మళ్లీ రుద్దుతారు.

ఇక టూత్‌పేస్ట్. గీత పడితే టూత్‌పేస్ట్ రుద్దమని వీడియోలు చేసేవాళ్ల మీద నాకు నిజంగా కోపం. పంటి గార వదిలించడానికి అందులో సిలికానో, సుద్దలాంటి కాల్షియం కార్బొనేటో వేస్తారు. అది గీతను పూడ్చదు, చుట్టూ ఉన్న గరుకు పూతను అరగదీస్తుంది. వెంట్రుకంత గీత పోయి అరచేయంత మెరుపు మచ్చ మిగులుతుంది. వెండి కుందులు మెరిశాయని స్క్రీన్ మీద విభూతి రుద్దినవాళ్లూ ఉన్నారు. దయచేసి వద్దు.

ఇప్పుడు దసరా సంగతి. ఇక్కడ కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, అధ్యక్షులవారు క్షమించాలి. ఏటా విజయదశమి వెళ్లిన వారంలో మా షాపుకు వచ్చే లాప్‌టాప్‌లను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. ఒక ఏడాది ఒక ఆడిటర్ గారి ఆఫీసు నుంచి ఒక లాప్‌టాప్ వచ్చింది. ఆయుధపూజ ఘనంగా చేశారు. లాప్‌టాప్‌లన్నీ బల్ల మీద తెరిచి వరసగా పెట్టి, మామిడాకుతో పసుపు నీళ్లు చిలకరించి, స్క్రీన్ మధ్యలోనే గంధం రాసి కుంకుమ బొట్టు పెట్టారు. ఆ పక్కనే కొబ్బరికాయ కొట్టారు. నీళ్లు చింది ఒక స్క్రీన్ మీద పడ్డాయి. ఎవరో తువ్వాలుతో పైపైన అద్దారు. దండం పెట్టుకుని, శుభమా అని దాన్నే ముందు ఆన్ చేశారు. మర్నాటికి నిలువు గీతలు. సాయంత్రానికి సగం స్క్రీన్ తెల్లబోయింది.

ఆ ఆఫీసు పెద్దాయన స్వయంగా వచ్చారు. ఆయన బాధ డబ్బు గురించి కాదు. పూజలో పెట్టిన వస్తువు పాడైంది, అపశకునం కదా బాబూ అన్నారు, కళ్లలో నీళ్లు తిరిగాయి. అపశకునం కాదండీ, పొటాషియం అన్నాను. ఆయన్ని కూర్చోబెట్టి, అంచు పట్టీ విప్పి చూపించాను. స్క్రీన్ మీద పడ్డ నీళ్లు కిందికి జారతాయి. కింది అంచున పట్టీకీ ప్యానెల్‌కీ మధ్య సన్నటి సందు, అది నీటిని లోపలికి పీలుస్తుంది. సరిగ్గా ఆ సందు వెనకే ఉంటాయి, స్క్రీన్‌లోని ఒక్కో నిలువు వరసకూ సంకేతం పంపే చిప్పులు, కాగితంలాంటి రిబ్బన్ల మీద అతికించి. కొబ్బరినీళ్లలో పొటాషియం లవణాలు దండిగా ఉంటాయి, కరెంటు చక్కగా పారుతుంది. తడి ఆరకముందే ఆన్ చేస్తే ఆ కరెంటే రాగి తీగలను తినేస్తుంది. పచ్చగా పట్టిన చిలుము భూతద్దంలో కనబడింది. మిగిలిన నీళ్లు వెనక వెలుగును పరిచే పొరల మధ్యకు ఎగబాకి మరకలు కట్టాయి. ఆ మరకలు బయటినుంచి ఎంత తుడిచినా పోవు. చూశాక ఆ పెద్దాయన ఊపిరి పీల్చుకున్నారు.

పూజ మానమని నేనెందుకు అంటాను? మా షాపులోనూ చేస్తాం. లాప్‌టాప్ మూసి, పై మూత మీద బొట్టు పెట్టండి. అక్షింతలు వేయండి. కొబ్బరికాయ గుమ్మం దగ్గర కొట్టండి.

మీరు స్క్రీన్ మీద నేరుగా స్ప్రే కొట్టినా నీళ్లు వెళ్లేది ఆ సందులోకే. స్ప్రే ఏదైనా సరే, గుడ్డ మీద కొట్టాలి.

గీతలు పడేది గుడ్డ వల్ల అనుకుంటారు. దుమ్ము వల్ల. మన వీధి దుమ్ములో ఇసుక ఉంటుంది, ఇసుక అంటే ఎక్కువగా క్వార్ట్జ్. 1812లో మోస్ అనే జర్మన్ ఆయన ఖనిజాల గట్టిదనానికి పెట్టిన కొలమానంలో దానిది 7వ మెట్టు. మామూలు గాజు అంతకంటే కింద, ఐదున్నర దగ్గర. ఈ ప్లాస్టిక్ పొర గట్టిదనాన్ని పెన్సిల్‌తో గీసి కొలుస్తారు, 2హెచ్, 3హెచ్ అని. అంటే పెన్సిలుతో పోల్చదగ్గ వస్తువు మీద మీరు ఇసుక పెట్టి రుద్దుతున్నారు. అందుకే తడి చేయకముందు పొడి గుడ్డతో, బరువు మోపకుండా దుమ్ము దులపాలి. నోటితో ఊదకండి, ఉమ్మి తుంపర పడుతుంది. చీర కొంగుతో అసలు తుడవకండి, జరీ ఉంటే మరీ ప్రమాదం. న్యూస్‌పేపరూ టిష్యూ కాగితమూ వద్దు.

పద్ధతి ఇదీ. ఆపేయండి, చార్జర్ తీయండి, చల్లారనివ్వండి. నల్లటి స్క్రీన్ మీద మరకలు బాగా కనిపిస్తాయి కూడా. కళ్లజోళ్లవాళ్లు ఇచ్చే మైక్రోఫైబర్ గుడ్డ తీసుకుని దుమ్ము దులిపి, రెండో గుడ్డను కొద్దిగా తడిపి, వేళ్లతో నొక్కకుండా పైనుంచి కిందికి తుడవండి. గుడ్డ పిండితే చుక్క రాకూడదు. బోరు నీళ్లు వాడితే ఆరాక తెల్లచుక్కలు మిగులుతాయి. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ కొత్త సీసా కొనుక్కోండి, బ్యాటరీ యాసిడ్ సీసా కాకుండా లేబుల్ చదివి తీసుకోండి. పొడి గుడ్డతో అద్ది, పూర్తిగా ఆరాకే మూత వేయండి. మొండి మరకకు ఆల్కహాల్ వాడొచ్చా అంటే, మీ మోడల్ తయారుచేసిన కంపెనీ ఒప్పుకుంటేనే. ఆ గుడ్డలు ఉతికేటప్పుడు కంఫర్ట్ లాంటి బట్టలు మెత్తబరిచే ద్రవాలు వేయకండి, పోగులకు జిడ్డు పట్టి పనికిరాకుండా పోతాయి.

గంట మోగింది, మిగతావి త్వరగా చెప్పేస్తాను. స్క్రీన్ మీద కీబోర్డు గళ్లలా అచ్చు పడిందా? అది మీ వేళ్ల జిడ్డు, మీటలు తుడుచుకోండి. మూత వేసేముందు కీబోర్డు మీద పెన్ను, ఇయర్‌ఫోన్, పిన్ను ఏదీ లేదని చూడండి. కెమెరాకు అంటించే బిళ్లలు కూడా స్క్రీన్ పగలగొడతాయి, 2020లో యాపిల్ దీనిమీద హెచ్చరిక ఇచ్చింది. మందపాటి స్క్రీన్‌గార్డ్‌తోనూ అదే ప్రమాదం, మూతలో దానికి చోటుండదు. మూతను ఒక మూల పట్టుకుని లాగకండి, పై అంచు మధ్యలో పట్టుకుని తెరవండి.

చివరిగా, నీళ్లు పడితే బియ్యం డబ్బాలో పెట్టకండి. బియ్యం లోపలి లవణాలను తీయలేవు, పైగా పిండి దూరుతుంది. వెంటనే ఆపేయండి, చార్జర్ లాగేయండి, పనిచేస్తోందో లేదో చూద్దామని మళ్లీ ఆన్ చేయకండి. అదే రోజు మీకు దగ్గర్లో ఉన్న మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లి, నీళ్లు పడ్డాయని దాచకుండా చెప్పండి.