రూల్ బుక్కు కన్న ఇంజను
(మెకానికల్ ఇంజనీరింగ్ పూర్వవిద్యార్థుల సభలో చేసిన స్మారకోపన్యాసం)



మాస్టారు మనకు ఇంజన్లు చెప్పినవారు. ఆయన పేరున మాట్లాడమంటే ఒక ఇంజను కథ చెప్పడమే సబబనిపించింది. అది క్రైస్లర్ వారి 426 హెమీ. అమెరికా మజిల్ కార్లు (మధ్యరకం కారులో పెద్ద ఇంజను పెట్టినవి) అనగానే అందరికీ కుర్రకారు మోజు, టైర్ల పొగ, సినిమా ఛేజింగులు గుర్తొస్తాయి. మోజు ఉన్నమాట నిజమే. కానీ ఆ కార్ల రూపురేఖలు తేల్చింది మాత్రం రూల్ బుక్కులేనని నా అభిప్రాయం.

1957లో అమెరికా కార్ల తయారీదారుల సంఘం కారు పందేలకు దూరంగా ఉంటామని తీర్మానించింది. పైకి అందరూ సరేనన్నారు, దొడ్డిదారిన పందెపు జట్లకు సామాను వెళుతూనే ఉంది. 1962లో ఫోర్డ్ ఆ ముసుగు కూడా తీసేసింది. 1963 మొదట్లో జనరల్ మోటార్స్ మాత్రం నిజంగానే తప్పుకుంది. పందెపు గెలుపులు చూపించి కార్లు అమ్ముకుంటున్న దాని పాంటియాక్ శాఖకు ఇది గొడ్డలిపెట్టు. అక్కడి చీఫ్ ఇంజనీరు జాన్ డెలోరియన్ బృందం, మధ్యరకం టెంపెస్ట్ కారులో పెద్ద కారుకు వాడే 389 ఘనపుటంగుళాల ఇంజను బిగించింది. ఆ సైజు కారులో 330 దాటకూడదని కంపెనీ నియమం. అయితే నియమం మోడల్‌కే గాని, కొనేవాడు కోరి పెట్టించుకునే ఆప్షన్‌కు కాదట! ఆ సందులోంచి 1964లో జీటీఓ బయటికొచ్చింది. ఐదు వేలు పోతాయనుకుంటే తొలి ఏడాదే 32,450 అమ్ముడయ్యాయి.

ఇక హెమీ సంగతి. మామూలు వీ8 హెడ్‌లో వాల్వులన్నీ ఒకే వరుసలో ఉంటాయి. హెమీలో దహన గది పైకప్పు అర్ధగోళం. ఇన్‌టేక్ వాల్వు ఒక పక్క, ఎగ్జాస్ట్ వాల్వు ఎదురు పక్క, దాదాపు నడిమధ్యన స్పార్క్ ప్లగ్. వాల్వులు పెద్దవి పెట్టుకోవచ్చు. గాలి ఇటునుంచి వచ్చి అటు దాటిపోతుంది. దీనికి ఖరీదు కూడా ఉంది. ఒక్కో హెడ్ మీద రెండేసి రాకర్ షాఫ్టులు, వాటిని కప్పే వెడల్పాటి మూత, ఆ మూతలోంచే లోపలికి దిగే ప్లగ్ వైర్లు. బానెట్ ఎత్తితే ఇంజను తప్ప ఇంకేమీ కనపడదు. మెకానిక్కులు దీన్ని ‘ఏనుగు’ అనేవారు.

క్రైస్లర్ 1951లోనే 180 హార్స్‌పవర్ హెమీ తెచ్చింది, ఖర్చు, బరువు ఎక్కువని 1958తో ఆపేసింది. దాన్ని 426 ఘనపుటంగుళాల, అంటే 7 లీటర్ల పందెపు ఇంజనుగా మళ్ళీ లేపిన బృందంలో ముఖ్యుడు టామ్ హూవర్. 1964 ఫిబ్రవరి 23న డేటోనా 500 కారు పందెంలో ఆ ఇంజనుతో దిగిన రిచర్డ్ పెట్టీ 200 లాప్‌లలో 184 లాప్‌లు తానే ముందున్నాడు. మొదటి మూడు స్థానాలూ క్రైస్లర్ వారి ప్లిమత్‌లవే.

వేగం పెరిగినంతగా టైర్లు, పెట్రోలు ట్యాంకులు మెరుగుపడలేదు. ఆ మే నెలలో షార్లట్ ట్రాక్‌పై ఫోర్డ్ డ్రైవరు ఫైర్‌బాల్ రాబర్ట్స్ మంటల్లో కాలి, జూలైలో కన్నుమూశాడు. డేటోనాలో రెండో స్థానం సాధించిన జిమ్మీ పార్డ్యూ సెప్టెంబరులో అదే షార్లట్‌లో టైర్లు పరీక్షిస్తూ పోయాడు. మజిల్ కార్ల పుస్తకాలు ఈ పేజీని గబగబా తిప్పేస్తాయి.

షోరూమ్‌లో దొరకని ఇంజను పందెంలో కుదరదని ఈ పందేలు నడిపే నాస్కార్ సంస్థ 1965కు నిబంధన పెట్టింది. క్రైస్లర్ అలిగి తప్పుకుంది. పెట్టీ డ్రాగ్ రేసులకు వెళ్ళాడు, అక్కడ అతని కారు జనంలోకి దూసుకుపోయి ఒక పిల్లవాడు చనిపోయాడు. చివరికి కంపెనీయే దిగివచ్చింది. 1966లో రెండు కార్బురేటర్లతో, కాగితం మీద 425 హార్స్‌పవర్‌తో హెమీని రోడ్డు కార్లలో పెట్టి అమ్మింది. ఎవరి మోజు కోసమో కాదు, పందెంలో ప్రవేశం కోసం. ఫోర్డ్ మరీ విడ్డూరం చేసింది. బాస్ 429 ఇంజనును మస్టాంగ్‌లో ఇరికించి జనానికి అమ్మి, పందెంలో మాత్రం దాన్ని టొరీనోలో పరుగెత్తించింది.

క్రైస్లర్ నుంచే వెనుక ఎత్తైన రెక్కతో 1969లో డాడ్జ్ చార్జర్ డేటోనా, 1970లో ప్లిమత్ సూపర్‌బర్డ్ వచ్చాయి. 1970 మార్చిలో టాలడేగాలో అలాంటి కారులో బడ్డీ బేకర్ గంటకు 200 మైళ్ళు దాటాడు. 1971కి నాస్కార్ రెక్కల కార్ల ఇంజన్లను 305 ఘనపుటంగుళాలకు కుదించింది, అక్కడితో ఆ ఆట ముగిసింది.

1973 చమురు సంక్షోభమే మజిల్ కార్లను చంపిందని తరచూ అంటారు. కానీ రోడ్డు కార్లలో హెమీ 1971తోనే ఆగిపోయింది. పెరిగిన బీమా ప్రీమియాలు, 1970 స్వచ్ఛ వాయు చట్టం ముందే దాని ఊపిరి తీశాయి. ఆ ఆఖరి ఏడాది హెమీతో తయారైన ప్లిమత్ బారకూడా కన్వర్టిబుళ్ళు 11 మాత్రమే. వాటిలో ఒకటి 2014లో సియాటెల్ వేలంలో 35 లక్షల డాలర్లు పలికింది.