పిల్లల ఆటవస్తువు - వైద్యుని యంత్రము



క్రొత్త శాస్త్రవిషయములనిన మన పల్లెలలోని పెద్దలకు రెండు విధములగు తలంపులు కలుగుచుండును. అవి గొప్ప ధనమును, గొప్ప భవనములును గల దేశములకే చెల్లునని కొందఱందురు. మన పూర్వులకు తెలియనిది క్రొత్తగా ఏమున్నదని మఱికొందఱందురు. ఈ రెంటికిని సమాధానము చెప్పగల ఒక చిన్న వస్తువును గూర్చి నేడు మనవి చేసెదను. దాని తూకము 2 గ్రాములు. 2017లో దాని వెల అమెరికా నాణెములలో 20 సెంట్లు, అనగా డాలరులో అయిదవ వంతుగా నుండెను.

ఆ వస్తువునకు మూలము మీలో పెక్కుమంది బాల్యమున ఆడినదే. పెద్ద బొత్తామునో, రాతితో కొట్టి చదును చేసిన సోడాసీసా మూతనో తీసికొని, నడుమ రెండు బెజ్జములు చేసి, దారము గ్రుచ్చి, కొసలు ముడివేసి, రెండు చేతుల వ్రేళ్లకు తగిలించుకొని మెలిపెట్టి లాగినచో అది గుయ్యిమని మ్రోయుచు తిరుగును. ఒకమాఱు లాగినపుడు ఒక వైపునకును, సడలించి మఱల లాగినపుడు రెండవ వైపునకును తిరుగును. కవ్వపుత్రాటిని ఒకమాఱు ఇటును, ఒకమాఱు అటును లాగుటవంటిదే ఈ పనియును. ఇట్టి ఆటవస్తువులు వేల యేండ్లనుండి లోకమున కలవు.

ఇక వైద్యుని అవసర మెట్టిదో చూతము. రక్తము కంటికి ఒకే ద్రవమువలె కానవచ్చును గాని, నిజమునకు ప్లాస్మా అను పసుపువన్నె ద్రవమున కోట్లకొలది కణములు తేలుచుండుటయే రక్తము. వానిని వేఱుపఱచిననే కొన్ని వ్యాధుల గుట్టు తెలియును. బురదనీటిని కడవలో కదలక యుంచినచో మన్ను అడుగునకు దిగును. చిల్లగింజ అరగదీసి కలిపినచో మఱింత త్వరగా దిగును. రక్తమును అట్లు ఊరకయుంచి కనిపెట్టుకొని యుండుటకు వ్యవధి యుండదు. వడిసెలలో రాయి పెట్టి త్రిప్పువాని చేతికి ఆ రాయి వెలుపలికి లాగుచున్నట్లు తోచును గదా! వేగము హెచ్చినకొలది ఆ లాగుడు హెచ్చును. రక్తమును సన్నని గొట్టమున నుంచి అట్లే వడిగా త్రిప్పినచో బరువైన కణములు వెలుపలి కొసకు చేరును. తేలికయగు ప్లాస్మా లోపలి వైపున నిలుచును. ఈ పని చేయు యంత్రమునకు సెంట్రిఫ్యూజ్ అని పేరు. ఆస్పత్రులలో నుండునవి పెక్కు బరువైనవి, వెలగలవి. విద్యుచ్ఛక్తి లేనిదే తిరుగవు.

దీనితో ముఖ్యముగ నక్కఱపడు వ్యాధులలో మలేరియా యొకటి. ఈ వ్యాధి చరిత్రలో మన తెలుగునేలకును స్థానము కలదు. రోగి రక్తమున మలేరియా క్రిమిని 1880లో అల్జీరియాలో లావెరాన్ అను ఫ్రెంచి వైద్యుడు కనుగొనెను. ఆ క్రిమి దోమ కడుపులో పెరుగుటను 1897 ఆగష్టు 20వ తేదీన సికిందరాబాదులో రొనాల్డు రాసు కనుగొనెను. అందులకు 1902లో ఆయనకు నోబెలు బహుమానము లభించెను. కారణము తెలిసి నూఱేండ్లు దాటినను, విద్యుత్తు చేరని ఊళ్లలో జ్వరపడిన బిడ్డకు వచ్చినది మలేరియాయో, మఱియొకటియో తేల్చుట కష్టముగనే యుండెను. తేలనిచో ఊహపై మందిత్తురు. ఊహ తప్పినచో నష్టపడునది బిడ్డ ప్రాణమే.

2013లో మను ప్రకాశ్ అను శాస్త్రజ్ఞుడు ఆఫ్రికాలోని యుగాండా దేశమునకు వెళ్లెను. ఈయన మన దేశమున మీరటులో జన్మించి, కాన్పూరు ఐ.ఐ.టి.లో చదివి, అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఆచార్యుడైనవాడు. అచ్చట ఒక ఆరోగ్యకేంద్రమున సెంట్రిఫ్యూజు తలుపు మూసుకొనిపోకుండ అడ్డుగా పెట్టబడి యుండెను. ఏమనగా, త్రిప్పుటకు విద్యుత్తు లేదు. మనుష్యుని చేతిబలముతోనే తిరుగునట్టిది చేయరాదా యని ఆయన సంకల్పించెను. మదరాసు ఐ.ఐ.టి.లో చదివిన సాద్ భామ్లా ఆయనకు తోడుపడెను. వారు పలువిధముల ఆటవస్తువులను పరీక్షించి, తుదకు ఈ బొత్తాము ఆటను చేపట్టి, అతివేగముగా చిత్రములు తీయు కెమెరాతో దాని వడిని కొలిచిరి. అది నిమిషమునకు 10,000 మొదలు 15,000 చుట్లు తిరుగుచుండెను!

వారచ్చటితో ఆగలేదు. అంతటి వేగ మెట్లు కలుగుచున్నదని గణితముతో శోధించిరి. దారము ఒకసారి మెలిక పడుటయే కాక, ఆ మెలికపై మఱల మెలిక పడి శక్తిని దాచుకొనుచున్నదని తెలిసెను. బిళ్ల యెంత వెడల్పుండవలెను, దారమెంత లావుండవలెనను లెక్క తేలెను. గట్టి కాగితపు బిళ్ల, దారము, రెండు పిడులు - ఇంతియే యంత్రము. దీనికి పేపర్‌ఫ్యూజ్ అని పేరిడి 2017 జనవరిలో ప్రకటించిరి. పరీక్షలలో దీని వేగము నిమిషమునకు 1,25,000 చుట్లకు చేరెను. భూమి ఆకర్షణకు 30,000 రెట్ల బలము అందు పుట్టెను. బిళ్లపై అమర్చిన సన్నని గొట్టములలో రక్తముంచి త్రిప్పగా ఒకటిన్నర నిమిషములో ప్లాస్మా వేఱుపడెను. ఎఱ్ఱకణముల పాలెంతయో కొలిచి రక్తహీనతను గుర్తింపవచ్చును. 15 నిమిషములు త్రిప్పినచో మలేరియా క్రిములు వేఱుపడును. పిమ్మట సూక్ష్మదర్శినితో వానిని చూడవచ్చును. మడగాస్కరు ద్వీపమున ఆరోగ్యకార్యకర్తల చేతికిచ్చియు దీనిని పరీక్షించిరి. ఈ మను ప్రకాశ్ బృందమువారే కాగితమును మడచి, గాజుపూసవంటి చిన్న కటకమమర్చి, డాలరునకు లోబడిన ఖర్చుతో ఫోల్డ్‌స్కోప్ అను సూక్ష్మదర్శినిని గూడ చేసి, 2014లో ప్రకటించియుండిరి.

ఇది వైద్యుని స్థానము నాక్రమించునది కాదు. రక్తము తీయుటయు, గొట్టములు మూయుటయు, ఫలితము చదువుటయు నేర్చినవారి పనియే. పిల్లలు దీనితో రక్తపరీక్షలు చేయరాదు.

ఇప్పుడు మొదటి తలంపుల కడకు వత్తము. శాస్త్రము ధనికదేశములకే చెల్లుననువారికి ఈ కాగితపు బిళ్లయే సమాధానము. పూర్వులకు తెలియనిది లేదనువారికో, ఇట్లు మనవి చేసెదను. ఈ ఆట పూర్వులదే. అందు సందేహము లేదు. కాని ఇన్ని వేల యేండ్లలో ఇన్ని కోట్లమంది పిల్లలు దీనిని త్రిప్పినను, ఇది నిమిషమునకు ఎన్నిసారులు తిరుగుచున్నదని కొలిచి, ఆ వడిని రోగి రక్షణకు వినియోగింపవలెనన్న తలంపు కలుగలేదు. పూర్వులను గౌరవించుట యనగా వారు విడిచిపోయిన దానిని పెట్టెలో దాచుట కాదు. దానినెత్తి పరీక్షించి పని కొనుటయే.

కావున గ్రామపెద్దలకు రెండు మాటలు విన్నవించుచున్నాను. ఊరిలో చలిజ్వరము కానవచ్చినపుడు ఊహపై మందు మ్రింగనీయక, ఆరోగ్యకేంద్రమున రక్తపరీక్ష చేయింపుడు. ఇంటి పిల్లవాడు బొత్తాము త్రిప్పుచు, "తాతా, ఇది ఏల తిరుగుచున్నది?" అని అడిగినపుడు గద్దింపక, కూర్చుండబెట్టి వానితో కలిసి ఆలోచింపుడు. సమాధానము తెలియనిచో బడిపంతులు నడుగుడు. అడిగించుకొనుట పంతులకును మేలే.

సెలవు.