తెర చూపించే ముందు
(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో సమాఖ్య అకౌంటెంట్ చేసిన ప్రసంగం)



ప్రతి ఏడూ ఈ మైకు ముందు నిలబడి పొదుపెంత, అప్పెంత, వసూలెంత అని చదివేదాన్ని. ఈసారి ఆ లెక్కలన్నీ నివేదికలోనే అచ్చయ్యాయి, చూసుకోండి. నేను చెప్పబోయేది ఏ పుస్తకంలోనూ ఎక్కని ఒక బాకీ గురించి. అది నా బాకీ.

పోయిన ఏడాది ఒకరోజు పదకొండు గంటలకు జూమ్‌లో రివ్యూ పెట్టారు. "మీ మండలం బకాయిలు చూపించండమ్మా" అన్నారు. కంగారులో నా కంప్యూటర్ తెర మొత్తం షేర్ చేసేశాను. సంఘాల వారీ మొత్తాలున్న పేజీ చూపించాలి. తెరుచుకున్నది సభ్యుల వారీ పేజీ. పేరు, ఆధార్ నంబరు, ఫోను నంబరు, బ్యాంకు ఖాతా, ఎన్ని వాయిదాలు ఆగాయో అన్నీ అందులో ఉన్నాయి. చివర్లో ‘రిమార్కులు’ అని ఒక గడి. మాకు గుర్తుండాలని మేం రాసుకునేది. ఒక అక్క పేరు పక్కన ఇలా ఉంది: "భర్తకు డయాలసిస్. గొలుసు తాకట్టు పెట్టింది. మూడు నెలలు ఆగమంది."

నేను చూసుకుని మూసేసరికి ఒక నిమిషం పట్టిందేమో. ఏమీ కాలేదులే అనుకున్నా. కానీ మీటింగులో ఉన్నవాళ్లందరూ ఆఫీసుల్లో లేరు కదా. కొందరు ఇంట్లో, కొందరు ఆటోలో, కొందరు కిరాణా కొట్టు దగ్గర కూర్చుని చూస్తున్నారు. ఎవరి వెనక ఎవరు నిలబడ్డారో మనకేం తెలుసు? సాయంత్రానికి ఆ మాట ఊళ్లోకి చేరింది. అప్పటికి ఆ అక్క కూతురికి సంబంధం మాట్లాడుతున్నారు. వారం తిరక్కుండా అవతలివాళ్లు వద్దన్నారు. దానివల్లే అని నేను చెప్పలేను. దానివల్ల కాదని కూడా చెప్పలేను.

తర్వాత రెండు నెలలు ఆ అక్క మీటింగుకు రాలేదు. నేనే ఇంటికి వెళ్లి క్షమించమని అడిగాను. "నువ్వు కావాలని చేశావా ఏంటమ్మా" అంది, మంచినీళ్లిచ్చింది. కాసేపటికి, "కానీ నేను ఆ మాట పది మందిలో చెప్పలేదు, నీకే చెప్పా" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

అక్కలారా, మనం పంచసూత్రాలు చదువుకున్నాం. క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో తిరిగి చెల్లింపు, పుస్తకాల నిర్వహణ. పుస్తకం రాయడం ఎంత ముఖ్యమో, దాన్ని ఎవరి ముందు తెరుస్తున్నామో చూసుకోవడమూ అంతే ముఖ్యం. ఇదివరకు పుస్తకాలు పెట్టెలో పెట్టి తాళం వేసేవాళ్లం. ఇప్పుడు పెట్టె పోయి కంప్యూటర్ వచ్చింది. తాళం వేసే అలవాటు మాత్రం రాలేదు.

అప్పటినుంచి నేను పాటిస్తున్నవి చెప్తాను. పెద్ద చదువు అక్కర్లేదు.

ఒకటి, తెర మొత్తం షేర్ చేయను. జూమ్‌లో అయినా గూగుల్ మీట్‌లో అయినా షేర్ నొక్కితే ఏది చూపించాలో అడుగుతుంది. తెర మొత్తమా, ఒక్క విండోనా అని. నేను ఆ ఒక్క విండోనే ఎంచుకుంటా. అప్పుడు పక్కన ఇంకేం తెరిచి ఉన్నా అవతలివాళ్లకు కనిపించదు.

రెండు, మీటింగు కోసం వేరే ఫైలు. అందులో సంఘం పేరు, మొత్తం, అంతే. మనుషుల పేర్లుండవు. ఎక్సెల్‌లో గడులు దాచిపెడితే చాలదమ్మా, ఆ ఫైలు పంపిస్తే ఎవరైనా మళ్లీ బయటికి తీయొచ్చు. కాపీ చేసుకుని, కాపీలో ఆ గడులు తీసేయాలి. ఒకే ఫైలులో కింద ఇంకో పేజీ ఉన్నా ప్రమాదమే. నేను పొరపడింది అక్కడే.

మూడు, మెసేజీలు ఆపేయడం. మీటింగుకు పది నిమిషాల ముందు వాట్సాప్ వెబ్ మూసేస్తా. విండోస్ 11లో ‘డు నాట్ డిస్టర్బ్’ ఉంటుంది, విండోస్ 10లో ‘ఫోకస్ అసిస్ట్’. ఫోనులోనూ డు నాట్ డిస్టర్బ్ ఉంది. వీఓఏ చెల్లెళ్లు మరీ జాగ్రత్త. ఫోను నుంచి షేర్ చేస్తే చాలా ఫోన్లలో తెర మొత్తం వెళ్తుంది. ఓటీపీ వచ్చినా, ఇంటి గొడవ గురించి మెసేజ్ వచ్చినా అందరూ చదువుతారు.

నాలుగు, ఒక ఫైలు నుంచి ఇంకో ఫైలుకు వెళ్లాలంటే ముందు షేరింగ్ ఆపుతా. వెతుక్కుని, తెరిచి, చూసుకుని అప్పుడు మళ్లీ షేర్ చేస్తా. "ఒక్క నిమిషం సార్" అంటే ఎవరూ ఏమీ అనలేదు.

ఐదు, ఆధార్ నంబరు చూపించాల్సిన పని రివ్యూలో ఉండదు. ఎక్కడైనా కాపీ తప్పదంటే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఉంది, అది వాడొచ్చు.

ఇంకో మాట. బ్యాంకు నుంచి అని ఫోన్ చేసి, వీడియో కాల్‌లో తెర షేర్ చేయమంటే చేయకండి. వాట్సాప్ వీడియో కాల్‌లో 2023 నుంచి ఆ సౌకర్యం ఉంది. మీ తెర మీద పడిన ఓటీపీ వాళ్లూ చూస్తారు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

2023లో కేంద్రం డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చేసింది. చట్టం సంగతి అలా ఉంచండి. మన సంఘాల్లో బ్యాంకు మనకు అప్పిచ్చేది పొలం చూసి కాదు, ఒకరికొకరం ఉన్నామని చూసి. కష్టం చెప్పుకుంటే బయటికి పోతుందని భయం పట్టుకుంటే ఏ అక్కా చెప్పుకోదు. వడ్డీ వ్యాపారి దగ్గరికి పోతుంది. అప్పుడు మన వసూలు కూడా ఆగుతుంది.

అందుకే ఈ సభను ఒక తీర్మానం కోరుతున్నా. మన సమాఖ్య ఆన్‌లైన్ మీటింగుల్లో సభ్యుల పేర్లు, నంబర్లు, రిమార్కులు తెర మీద చూపించకూడదు. పై నుంచి ఎవరు అడిగినా సంఘాల మొత్తాలే చూపిద్దాం. పేర్లు కావాలంటే ఆఫీసుకు వచ్చి పుస్తకంలో చూసుకోమందాం. "మా సమాఖ్య తీర్మానం సార్" అని చెప్పే ధైర్యం నాకూ, ప్రతి వీఓఏ చెల్లెలికీ మీరే ఇవ్వాలి.

ఆ అక్క మళ్లీ మీటింగులకు వస్తోంది. పొదుపు కడుతోంది, ఆగిన వాయిదాలూ తీర్చేసింది. అప్పు మాత్రం ఇంతవరకు మళ్లీ అడగలేదు. ఆమె వచ్చి "నాకు అప్పు కావాలి, ఎందుకంటే..." అని నాతో చెప్పిన రోజున నా బాకీ తీరిందనుకుంటా.

తీర్మానానికి ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి. సెలవు.