పేరు మనది, మరి రిజిస్టర్‌లో మనం ఉన్నామా?



భూమికి పట్టా ఎందుకు కావాలో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. పోడు పట్టా కోసం మన పెద్దలు ఎన్నేళ్లు తిరిగారో మీకు తెలుసు. ఇవాళ ఇంకో రకం పట్టా గురించి మాట్లాడుకుందాం. అది పేరుకి ఇచ్చే పట్టా.

'అరకు వ్యాలీ అరబికా' కాఫీకి 2019లో భౌగోళిక సూచిక, అంటే జీఐ వచ్చింది. విశాఖ మన్యంలోనూ, ఆనుకుని ఉన్న ఒడిశా ప్రాంతంలోనూ 900 నుంచి 1,100 మీటర్ల ఎత్తున ఆదివాసీలు పండించే కాఫీ అది. దరఖాస్తు పెట్టింది కాఫీ బోర్డు. మరి హక్కు ఎవరిది?

ఇది తెలియాలంటే ముందు ఒక సంగతి అర్థం చేసుకోవాలి. ప్రభుత్వం చేసే నమోదులన్నీ ఒకటి కాదు. మీరు ఒక పాట రాస్తే, రాసిన క్షణం నుంచే కాపీరైట్ మీది. నమోదు దానికి సాక్ష్యం మాత్రమే. పేటెంట్ అయితే సర్కారు మంజూరు చేస్తేనే పుడుతుంది, 20 ఏళ్లకి పోతుంది. అదీ కొత్త ఆవిష్కరణకే. తాతల నాటి జ్ఞానం ఆవిష్కరణ కిందికి రాదని పేటెంట్ చట్టం సెక్షన్ 3(పి) చెబుతోంది. జీఐ ఈ రెండింటికీ వేరు. ఒక నేలకీ, అక్కడి జనం కష్టానికీ కలిపి వచ్చిన పేరుని అది కాపాడుతుంది.

జీఐ చట్టం 1999లో చేశారు, 2003లో అమల్లోకి వచ్చింది. దాని రిజిస్ట్రీ చెన్నైలో ఉంది. రిజిస్టర్‌కి రెండు భాగాలు. 'ఏ' భాగంలో సరుకు పేరు, దాన్ని నమోదు చేయించిన సంస్థ ఉంటాయి. 'బి' భాగంలో అధీకృత వినియోగదారుల పేర్లుంటాయి. సెక్షన్ 21 చూడండి: ఆ పేరు వాడుకునే ప్రత్యేక హక్కు అధీకృత వినియోగదారులదే. అంటే మీ తోట అరకులోనే ఉన్నా, 'బి' భాగంలో మీ పేరు లేకపోతే ఆ హక్కు మీ చేతికి రానట్టే.

1/70 చట్టం మన భూమిని గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపుతుంది కదా. జీఐలో కూడా అలాంటి కాపలా ఒకటుంది. సెక్షన్ 24 ప్రకారం ఈ హక్కుని అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు, లైసెన్సుకి ఇవ్వకూడదు. అధీకృత వినియోగదారు చనిపోతే వారసులకి వస్తుంది.

కానీ ఒక సందు ఉంది, అది గమనించండి. చట్టం దృష్టిలో 'ఉత్పత్తిదారు' అంటే పండించేవాడొక్కడే కాదు. పంటని శుద్ధి చేసేవాళ్లు, ప్యాకింగ్ చేసేవాళ్లు, ఆ వ్యాపారం చేసేవాళ్లు కూడా అందులోకి వస్తారు. పేరుని కొనలేని షావుకారు, ప్యాకింగ్ చేస్తున్నానని చెప్పి రిజిస్టర్‌లోకి రావచ్చు. మనం బయటే ఉండిపోతే, మన కొండ పేరు మీద సొమ్ము వాళ్లది, పండ్లు కోసే కూలి మనది అవుతుంది.

అధీకృత వినియోగదారుగా నమోదుకి ఫీజు 500 రూపాయలుండేది, 2020లో 10 రూపాయలకు తగ్గించారు. ఫారం పేరు జీఐ-3. నమోదు 10 ఏళ్లు ఉంటుంది, తర్వాత మళ్లీ పొడిగించుకోవాలి.

జీఐ వస్తే రేటు దానంతట అదే పెరగదు. ఎవరైనా మన పేరుని దొంగతనంగా వాడితే కోర్టుకెళ్లే బలం వస్తుంది, అంతే. ఆ బలాన్ని వాడాల్సింది మనమే.

చదువుకున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! వచ్చే గ్రామసభలో ఈ ముక్క ఎత్తండి. మన ఊళ్లో ఎంతమంది కాఫీ రైతులున్నారు, వాళ్లలో ఎంతమంది 'బి' భాగంలో ఉన్నారు, లెక్క తీయండి. లేనివాళ్ల చేత ఫారం నింపించండి.

జల్, జంగల్, జమీన్ మనవి. వాటి నుంచి పుట్టిన పేరు కూడా మనదే.

జై ఆదివాసీ!