రిఫర్ చీటీ వైద్యం కాదు
(విద్యార్థులు, ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

నీళ్ల గురించి, వలసల గురించి మనం చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఇయ్యాల ఒక గది గురించి మాట్లాడుకుందాం. మన పల్లె ఆసుపత్రిలో 'అత్యవసర విభాగం' అని బోర్డు కట్టిన గది.

ఒక వానాకాలం రాత్రి. శ్రీకాకుళం జిల్లాలో సభ ముగించుకొని మేం నలుగురం వస్తున్నాం. దారిలో జనం మా జీపు ఆపారు. పొలంగట్టు మీద పాము కాటేసిన ఒక కూలితల్లిని ఎక్కించారు. దగ్గర్లో ఉన్న చిన్న సర్కారు ఆసుపత్రికి తీసుకెళ్లాం. గదిలో ఒక మంచం, ఒక ఆక్సిజన్ సిలిండర్, ఒక్క నర్సమ్మ. డాక్టరు లేడు. పాము విషానికి విరుగుడు ఫ్రిజ్‌లో ఉంది.

"మందుంది బాబూ. ఎక్కించినాక వికటిస్తే నానొక్కదాన్ని ఏటి సేసేది?" అంది నర్సమ్మ. రిఫర్ చీటీ రాసిచ్చింది. ఆమెను తప్పుపట్టలేం. "పట్నం ఎల్లేదాకా ఉంటాదా బాబూ?" అని ఆ తల్లి పెనిమిటి అడిగాడు. మా దగ్గర జవాబు లేదు. దారిలో ఊపిరాడకపోతే జీపులో ఏమీ లేదు కనుక 108 కోసం ముప్పావుగంట ఆ గదిలోనే నిలబడ్డాం. ఆమె బతికింది. కానీ ఆ ఏడు వాళ్లకు ఊడుపుల కూలి పోయింది, అప్పు మిగిలింది.

ఆ గదికి ఏం కావాలి? కోట్ల రూపాయల యంత్రాలా? కాదు. మన దేశంలో వాడే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ పనిచేస్తుంది. విషం వల్ల నెత్తురు గడ్డకట్టే గుణం పోయిందో లేదో చూడడానికి శుభ్రమైన పొడి గాజుగొట్టం చాలు. అందులో కాస్త నెత్తురు పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచాలి. గడ్డకట్టకపోతే మందు ఎక్కించాలి. మందు వికటిస్తే వెంటనే అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇవ్వాలి. కట్లపాము కాటుకు ఊపిరి ఆగిపోతుంటే సంచి నొక్కి ఊపిరి అందించాలి. ఇందుకు రాత్రిపూట ఒక డాక్టరు, శిక్షణ ఉన్న రెండు చేతులు కావాలి. లేనివి అవే!

2017 జనవరి 21 రాత్రి కొమరాడ మండలం కూనేరు దగ్గర హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పింది. నలభై మంది దాకా చనిపోయారు. క్షతగాత్రులను పార్వతీపురానికి, సరిహద్దు దాటి రాయగడకు, అక్కడ నుంచి విశాఖకు మోశారు. ప్రమాదం వేళ చూసుకొని రాదు. ఆసుపత్రి మాత్రం వేళ చూసుకొని పనిచేస్తే ఎలా?

ఏమీ జరగలేదని మేం అనడం లేదు. 2005లో 108 వచ్చింది. 2008లో శ్రీకాకుళంలో రిమ్స్ కాలేజీ, 2023లో విజయనగరంలో మెడికల్ కాలేజీ, పలాసలో కిడ్నీ ఆసుపత్రి వచ్చాయి. ఉద్దానం జనం ఏళ్ల తరబడి అడిగితే గానీ ఆ ఆసుపత్రి రాలేదు. అయితే పెద్దాసుపత్రి ఎంత పెద్దదైనా మొదటి గంట గడిచేది పల్లెలోనే. ఆ గంట పోయాక విశాఖ కేజీహెచ్ ఎంత గొప్పదైతే ఏం లాభం?

2014 విభజన చట్టం ఉత్తరాంధ్రకు ప్రత్యేక అభివృద్ధి ప్యాకేజీ అని రాసింది. కాగితం మీద రాసినదానికి లెక్క అడిగే హక్కు మనకుంది.

అందుకే మిత్రులారా, మీ మండలంలోని ఆసుపత్రికి ఒక్కసారి రాత్రి పది దాటాక వెళ్లండి. గొడవ పడొద్దు, నర్సమ్మ మీద అరవొద్దు. డ్యూటీలో డాక్టరు ఉన్నారా, విరుగుడు మందు ఎన్ని సీసాలుంది, సిలిండర్‌లో ఆక్సిజన్ ఉందా అని రాసుకోండి. ఆ కాగితాలన్నీ కలిపి కలెక్టరు గారి ముందు పెడదాం. రిఫర్ చీటీ వైద్యం కాదు. పల్లెలో రాత్రిపూట డాక్టరు కావాలి. ఇచ్చేదాకా అడుగుదాం!